యూరియా బస్తాలో ఉదజని

ఉదజని అనగానే అదేదో మోటారు కార్ల సంగతి, మనకెందుకులే అనుకుంటాము. కాని మీ మొక్కజొన్న చేనుకూ వరి మడికీ అది ఎన్నో ఏండ్లుగా వస్తూనే ఉన్నది, యూరియా రూపంలో. గాలిలో నత్రజనికి కొదవ లేదు. దానిని నేలకు దింపాలంటే ఉదజని జోడు కావాలి. రెండూ కలిస్తే అమోనియా. 45 కిలోల యూరియా బస్తాకు సుమారు 25 కిలోల అమోనియా పడుతుంది. అందులో నాలుగున్నర కిలోలు ఉదజనే. దీనిని దేనిలోనుంచి తీయాలన్నదే అసలు తగువు.

మనకు దగ్గరి రామగుండం చూడండి. సింగరేణి బొగ్గు పక్కనే ఉన్నది గదా అని భారత ఎరువుల సంస్థ అక్కడ బొగ్గునుంచి ఉదజని తీసే కర్మాగారం కట్టింది. 1980లో ఉత్పత్తి మొదలైంది. యంత్రాల ఇబ్బందులు, కరెంటు కొరత, నష్టాలు, 1999లో మూతబడ్డది. మళ్ళీ 2021 మార్చిలో అదే చోట కొత్త కర్మాగారం యూరియా తీసింది. ఈసారి బొగ్గు కాదు, మల్లవరం నుంచి గొట్టంలో వచ్చే సహజవాయువు. ఏటికి 12.7 లక్షల టన్నుల శక్తి గలది. మంచిదే. అయితే మన దేశం వాడే వాయువులో చాలా భాగం పరదేశాలనుంచి ఓడలమీద దిగుతున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు దాని ధర ఎట్లా ఎగిరిందో లోకమంతా చూసింది. యూరియా కూడా కొంత దిగుమతే. 2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు.

మరి నీటినుంచి తీయరాదా? తీశారు! పంజాబులోని నంగల్‌లో 1961లోనే, భాక్రా కరెంటును నీటిలోకి పంపి ఉదజనిని వేరుచేసి, ఎరువు చేశారు. ఊళ్ళకు, బావులకు కరెంటు చాలకపోయేసరికి ఆ పద్ధతి వెనుకబడ్డది. 1978లో ఆ కర్మాగారం నూనెకు, 2013లో సహజవాయువుకు మారింది. ఎందుకంటే లెక్క చూడండి: ఒక బస్తా యూరియాకు కావలసిన ఉదజనిని నీటినుంచి తీయడానికి సుమారు 240 యూనిట్లు కావాలి. మీ 5 హార్సుపవరు మోటారు రాత్రింబవళ్ళు రెండున్నర రోజులకు పైగా తిరిగినంత. నీళ్ళు మాత్రం, ఉదజనిగా మారేవి, 40 లీటర్లే.

ఇప్పుడు సూర్యరశ్మి కరెంటు చౌకబడ్డది గనుక పాత మాట మళ్ళీ లేచింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత ఉదజని తీయాలని కేంద్రప్రభుత్వం 2023 జనవరిలో నిర్ణయించింది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడక కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడు ఎరువుల కర్మాగారాల కోసం జరిగిన మొదటి వేలంలో హరిత అమోనియా కిలో 55 రూపాయల 75 పైసలకు పలికింది. మామూలుదానికంటే ప్రియమే, కాని అంతకు ముందటి ధరల్లో దాదాపు సగం.

ఒక చిక్కు విస్తరణాధికారులు గుర్తుంచుకోవాలి. యూరియాకు అమోనియా ఒక్కటే చాలదు, బొగ్గుపులుసు గాలి కూడా కావాలి. బొగ్గునుంచి, సహజవాయువునుంచి ఉదజని తీసేటప్పుడు అది వెంటనే దొరుకుతుంది. నీటినుంచి తీస్తే దొరకదు. నంగల్‌లో ఆనాడు చేసింది యూరియా కాదు, అమోనియం నైట్రేటు ఎరువు. అందుకే ఆ చిక్కు రాలేదు. కనుక నీటి ఉదజని మీ చేనికి ముందుగా డి.ఎ.పి. బస్తాలోనే రావచ్చు. యూరియాలో రావాలంటే ఏదో పొగగొట్టంనుంచి ఆ గాలిని పట్టి, శుద్ధిచేయాలి. రామగుండంలో థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు ఉండనే ఉన్నవి. ఆ ఖర్చు బస్తా ధరలో పడుతుందా, సర్కారు సబ్సిడీలో పడుతుందా అన్నది అడగవలసిన ప్రశ్న.