తెగిన నాడి, తిరిగివచ్చు స్పర్శ: ఒక చారిత్రక పరిశీలనము

తెగిన పడుగు పోగును ముడివేసినంతనే మగ్గము తిరిగి నడచును. భివండిలోని కనేరి మరమగ్గముల నడుమ బ్రదుకు మన తెలుగువారికిది నిత్యపరిచితమైన పని. తెగిన నాడియు నిట్లే అతుకుననియు, కుట్టినంతనే పనిచేయుననియు 19వ శతాబ్దమున పలువురు శస్త్రవైద్యులు తలచిరి. ఆ తలంపు మారిన చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

క్రిందిదవడ జ్ఞానదంతమును తీయునప్పుడు రెండు నాడులకు అపాయము కలుగవచ్చును. ఒకటి దవడయెముకలో సాగి క్రిందిపెదవికిని గడ్డమునకును స్పర్శ నిచ్చును; రెండవది నాలుకకు స్పర్శ నిచ్చును. ఇవి తెగినవాడు వేడి తేనీరు నాలుకను కాల్చుటయు, పంటిక్రింద పెదవి నలుగుటయు నెరుగడు.

1850లో ఆంగ్లవైద్యుడు ఆగస్టస్ వాలర్ కప్పనాలుకకు పోవు నాడులను కోసి, కోతకు ఆవలి తంతువులు కొలది దినములలో శిథిలమగుటను సూక్ష్మదర్శినితో చూచెను. మరి స్పర్శ యెట్లు తిరిగివచ్చును? ఈవలి కొననుండి క్రొత్త తంతువులు మొలిచి, పాత తొడుగులవెంట ప్రాకిపోవునని స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ 20వ శతాబ్దారంభమున సప్రమాణముగా నిరూపించెను. వాని పెరుగుదల దినమునకు సుమారు 1 మిల్లీమీటరు. కావున నాడికి వేయు కుట్టు పాత పోగునకు ముడి కాదు, క్రొత్త పోగునకు త్రోవ.

1903లో లండను వైద్యుడు హెన్రీ హెడ్ తన యెడమచేతి నాడి నొకదానిని కోయించుకొని, పట్టుదారముతో కుట్టించుకొనెను. మిత్రుడు రివర్స్ నాలుగేండ్లకు పైగా ఆ చేతిని పరీక్షించెను. సూదిపోటు బాధ ముందుగా తెలిసెను. దూది మృదుస్పర్శ చాల ఆలస్యముగా తెలిసెను. 1908లో వారు ప్రకటించిన సిద్ధాంతమును తరువాతివారు ఖండించిరి. కాని స్పర్శ మెల్లమెల్లగా, అంచెలంచెలుగా వచ్చునను అనుభవము నిలిచినది.

1943లో సెడన్ నాడీగాయములను మూడు తరగతులుగా విభజించెను. నలిగిన నాడి తానే కోలుకొనును. పూర్తిగా తెగినదానికి శస్త్రచికిత్స కావలెను. 1960 దశాబ్దమునుండి సూక్ష్మదర్శిని క్రింద, వెండ్రుకకంటె సన్నని దారముతో నాడులను కుట్టుట వ్యాపించెను. నేడును మునుపటి స్పర్శ సంపూర్ణముగా వచ్చుట అరుదు. అయినను వేడిని, గాయమును గుర్తించి నోటిని కాపాడుకొనునంతటి స్పర్శ పలువురికి లభించుచున్నది.

పన్ను తీయించుకొన్న పిదప విడువని తిమ్మిరిని నొసటివ్రాతయని ఊరకుండరాదు. వెంటనే దంతవైద్యునకు తెలుపవలెను. పలువురికది కొన్ని వారములలోనో, నెలలలోనో తానే తగ్గును. మూడు నెలలైనను స్పర్శజాడ కానరానిచో నాడీశస్త్రచికిత్స తెలిసిన నిపుణుని చూడవలెను. కాలము గడచినకొలది పాత తొడుగులు కుంచించుకొనిపోవును; అప్పుడు ఎంత నేర్పుగా కుట్టినను ఫలము తగ్గును.