కొయ్య యెద్దు వయస్సు: గోండ్‌పిప్రి ప్రాంతపు తాన్హా పోళా బొమ్మలు

బాల్యమున ఆడుకొన్న బొమ్మ ఏనాడు ఆటవస్తువుగా నుండుట మాని సేకరణకర్తలు కోరు వస్తువగును? ఈ సందర్భమున వారు వాడు ‘వింటేజ్’ అను ఆంగ్లపదము తొలుత ద్రాక్షపంటకు సంబంధించినది. ద్రాక్షసారా ఏ యేటిదో తెలుపుటకు వాడబడి, క్రమముగా మోటారు కార్లకును బొమ్మలకును వ్యాపించినది. పురావస్తువునకు చట్టము హద్దు నేర్పరచినది. భారతదేశమున 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము గతకాలపు కళలను, ఆచారములను తెలుపు వస్తువులకు 100 ఏండ్లును, వ్రాతప్రతులకు 75 ఏండ్లును కనీస వయస్సుగా నిర్ణయించినది. వింటేజ్ వస్తువున కట్టి హద్దు లేదు. అది గడచిన యొక కాలమునకు చెందినదై, ఆ కాలమును తనయందే చూపవలెను. కావున ఇచట ప్రశ్న వయస్సును గూర్చినది మాత్రమే కాదు, సాక్ష్యమును గూర్చినది కూడ.

కర్మాగారములలో పుట్టిన బొమ్మలకు ఈ సాక్ష్యము సులభము. అమెరికాలో 1890 నాటి సుంకముల చట్టము దిగుమతి వస్తువులపై దేశము పేరు ముద్రింపవలెనని శాసించినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ‘ఆక్రమిత జపాన్’ అను ముద్రతో వచ్చిన రేకు బొమ్మలు 1952కు ముందటివని చూచినంతనే తెలియును. జర్మనీలోని స్టైఫ్ సంస్థవారు 1904 నుండి తమ బొమ్మల చెవికి లోహపు గుండీ తొడిగిరి. ముద్ర, పెట్టె, పోని రంగు: ఈ మూడును ఉన్నచో బొమ్మకు విలువ హెచ్చును.

ముద్రయే లేని బొమ్మ మాటేమి? ఇందుకు చంద్రపూర్ జిల్లాలోని గోండ్‌పిప్రి ప్రాంతము తగిన ఉదాహరణము. ఇది మహారాష్ట్రకును తెలంగాణమునకును సరిహద్దున, మరాఠీ, గోండీ, తెలుగు భాషలు కలసిమెలసి వినవచ్చు సీమలోనిది. గోండు రాజుల చాందా రాజ్యము 1751లో నాగపుర భోంస్లేల వశమైనది. విదర్భమున శ్రావణ అమావాస్యనాడు ఎడ్లకు పోళా పండుగ జరుగును. అదే దినము ఆదిలాబాదు పల్లెలలో ఎడ్లను పూజించు పొలాల అమావాస్య. కోస్తా తెలుగు స్త్రీలు బిడ్డల క్షేమమునకై కందమొక్కను పూజించు పోలాల అమావాస్యయు అదే. మరునాడు విదర్భమున తాన్హా పోళా, అనగా పిల్లల పోళా. బాలురు, బాలికలు చక్రములు గల కొయ్య యెడ్లను అలంకరించి, త్రాడు కట్టి వీధులలో నడిపింతురు. దీనిని రెండవ రఘూజీ భోంస్లే 1806లో నాగపురమున ప్రారంభించెనని ప్రతీతి.

మరాఠీలో సుతార్ అనియు, తెలుగున వడ్రంగి అనియు పిలువబడు పనివాడు చెక్కిన ఈ యెద్దుపై సాధారణముగా పేరుండదు, తేదీ యుండదు. అయినను పరీక్షించువానికి అది మౌనముగా నుండదు. గుండ్రని యంత్రపు రంపము కొయ్యపై వంపు గీతలు విడచును. చేతి ఉలి గాట్లు అట్లుండవు. కొలిమిలో సాగగొట్టిన మేకు వేరు, కర్మాగారపు తీగ మేకు వేరు. నిజమైన అరుగుదల వాడుకను అనుసరించును: త్రాడు రాచుకొను రంధ్రము, చక్రపు అంచు, ఇరుసు కొనలు, బిడ్డ చేయి పట్టు మూపురము. కల్పిత ప్రాచీనత అంతటను సమానముగా కనబడును. అయితే పాత దూలమునుండి నేడు క్రొత్త యెద్దును చెక్కవచ్చును. కొయ్య వయస్సు బొమ్మ వయస్సు కానేరదు. ఏ ఒక్క గుర్తును స్వయముగా చాలదు.

నిర్మల, కొండపల్లి బొమ్మలును ఇట్టి పాఠమునే చెప్పును. తేలికయైన పొణికి కొయ్యతో చెక్కి, అవయవములను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అదికి, సున్నము పూసి రంగులు వేయు కొండపల్లి పద్ధతిలో పైపూతయే కాలమును తెలుపు ముఖ్యాధారము. ఇంటివారు బొమ్మల కొలువునకై ప్రేమతో క్రొత్త ఎనామిల్ రంగు పూసినచో బొమ్మ మెరయును గాని, దాని చరిత్ర కప్పబడిపోవును. కొనువాని దృష్టిలో అది నష్టము. ఇంటివారి దృష్టిలో అది కొనసాగుచున్న వాడుక. రెండును సత్యములే.

శూద్రకుని మృచ్ఛకటికమున రోహసేనుడు పొరుగు బాలుని బంగారు బండిని కోరి, తనకు దొరకిన మట్టిబండికై ఏడ్చును. ఆ నాటకమునకు పేరు మట్టిబండి వలననే వచ్చినది. బొమ్మ విలువ దాని ద్రవ్యమున గాక, దానిని ఆడిన బిడ్డ కథలో నున్నదని గ్రహించుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

ముద్ర లేని కొయ్య యెద్దుకు ఆ కథయే ముద్ర. ఎవరు చెక్కిరి, ఏ కొయ్య, ఎవరి బాల్యమున ఇల్లు చేరినది, చక్రము ఎప్పుడు మార్చిరి అను నాలుగు మాటలు ఇంటి పెద్దల నోట మాత్రమే నిలిచియున్నవి. ఆ మాటలు లేకుండ అటకనుండి దిగి అంగడి చేరిన యెద్దు పాత కొయ్యగానే మిగులును. ఎంత ధనము పోసినను ఆ జ్ఞానము తిరిగి రాదు. కావున తెలుగు కుటుంబములు పాత బొమ్మకు రంగు వేయుటకు ముందు, అమ్ముటకు ముందు, ఆ నాలుగు మాటలు కాగితముపై వ్రాసి బొమ్మతోపాటు భద్రపరచుట యుక్తము. సేకరణకర్త వెదకు ప్రాచీనత చాలవరకు ఆ కాగితముననే యున్నది.