సంకెళ్లు వేసిన రోడ్డు

సిడ్నీకి ఉత్తరాన 75 కిలోమీటర్ల దూరంలో, హాక్స్‌బరీ నది ఒడ్డున వైజ్‌మన్స్ ఫెర్రీ అనే చిన్న ఊరుంది. అక్కడ పంటు మీద కార్లతో సహా నది దాటిస్తారు, రాత్రీ పగలూ నడుస్తుంది, టికెట్టు లేదు. అవతలి గట్టున కొంచెం పక్కకు వెళితే ఒక గేటు, దాని వెనక కొండెక్కే పాత రోడ్డు. కార్లకు, మోటారు సైకిళ్లకు అందులో ప్రవేశం లేదు. నడిచేవాళ్లూ సైకిలు తొక్కేవాళ్లూ మాత్రం వెళ్లొచ్చు. ఓల్డ్ గ్రేట్ నార్త్ రోడ్ అంటారు. ధరుగ్, యెంగో నేషనల్ పార్కుల అడవుల్లో 43 కిలోమీటర్లు. ఈస్టర్ సెలవులకు మా ఊళ్లో సగం జనం సముద్రం దారి పడితే, నేను మౌంటెన్ బైకు కారు వెనక కట్టుకుని ఒక్కణ్నే ఇటొచ్చాను.

“ఆస్ట్రేలియాకు చరిత్రేముందిలే, మొత్తం కలిపి రెండొందల ఏళ్లు” అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ లెక్క సంగతి తర్వాత. ముందు ఆ రెండొందల ఏళ్లే చూద్దాం.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఓడలెక్కించి ఈ ఖండానికి తోలారు. ద్వీపాంతరవాస శిక్ష. ఎక్కువమందివి చిల్లర దొంగతనాలే. ఓడ దిగాక చాలామందిని రైతుల దగ్గర, గొర్రెల మందల దగ్గర పనికి పెట్టేవారు. అక్కణ్నుంచి పారిపోయినా, యజమానికి ఎదురు తిరిగినా రెండో శిక్ష పడేది. రోడ్డు పని అలాంటి శిక్ష. మరీ మొండివాడనుకుంటే రెండు కాళ్లకూ ఇనప సంకెళ్లు బిగించి ఐరన్ గ్యాంగులో వేసేవారు. సంకెళ్లతోనే సమ్మెట ఎత్తాలి, సంకెళ్లతోనే పడుకోవాలి.

ఈ 43 కిలోమీటర్లు ఒక ముక్కగా, సిడ్నీ నుంచి హంటర్ లోయకు 260 కిలోమీటర్ల రోడ్డును 1826 నుంచి 1836 వరకు అలాంటివాళ్లే వేశారు. ఒక దశలో 700 మందికి పైగా పని చేశారు.

గేటు దాటగానే డెవైన్స్ హిల్ ఎక్కుడు. అన్నిటికంటే చిన్న గేరులో వేసినా ఊపిరి అందదు. ఇసుకలో వెనక చక్రం జారుతుంది, ఇసుక పోతే నున్నటి బండ. కాసేపటికి దిగి తోసుకుంటూ పోవడమే మేలనిపించింది. దిగితేనే గోడలు సరిగ్గా కనబడతాయి కూడా. లోయ వైపు రోడ్డును మోస్తున్న గోడ కొన్నిచోట్ల నాలుగైదు నిలువుల ఎత్తుంటుంది. చెక్కిన ఇసుకరాతి దిమ్మలను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి అమర్చారు. వాననీరు రోడ్డు కింద నుంచి లోయలోకి పోవడానికి రాతి తూములున్నాయి, ఇప్పటికీ పనిచేస్తాయి. కొండ వైపు బండ నిండా ఉలి గాట్లు. నిలువునా సగానికి చీలిన గొట్టాల్లాంటి గాడులు కూడా ఉన్నాయి. ఇనప కడ్డీని సమ్మెటతో కొట్టి రాయిలో బొక్క పెట్టడం, మందు కూరి పేల్చడం, విరిగిన రాయిని దిమ్మలుగా చెక్కడం. ఆ గాడులు అప్పటి బొక్కల్లో మిగిలిన సగాలు. ఒకదానిలో వేలు పెట్టి చూశాను, ఇంకా నునుపుగానే ఉంది.

ఈ భాగానికి పర్యవేక్షకుడు లెఫ్టినెంట్ పెర్సీ సింప్సన్. బండ్లు, పశువులు పోయే అడవి దారికి ఇంత కోటగోడ ఎందుకు? కూలీ ఖర్చు లేదు, అధికారికి పనితనం చూపించాలని ఉంది. నా అనుమానం ఇంకొకటుంది. రోడ్డు తొందరగా పూర్తయితే శిక్ష కూడా పూర్తయినట్టే కదా.

పూర్తయ్యేసరికి రోడ్డుతో అవసరం లేకుండా పోయింది. కొండ వెన్ను మీద దారి, పశువులకు నీళ్లు లేవు, మేత లేదు. 1831లో సిడ్నీ నుంచి హంటర్‌కు ఆవిరి ఓడ మొదలైంది, సరుకూ జనమూ దానికే మళ్లారు. నాలుగు లీటర్ల నీళ్లు వీపున మోస్తూ తొక్కినవాణ్ని, ఆ పశువుల కాపరుల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఎవరూ వాడలేదు కాబట్టే రోడ్డు ఇలా మిగిలింది. ఖైదీల వారసత్వాన్ని ఒకప్పుడు కుటుంబాలు గుట్టుగా దాచుకునేవి. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి పదకొండు ఖైదీ స్థలాలు ఎక్కాయి, ఇదొకటి. ఇప్పుడు మా ముత్తాత ఖైదీ అని చెప్పుకోవడం గొప్ప.

ఈ కథలో బాగుపడ్డవాడు సాలమన్ వైజ్‌మన్. లండన్‌లో పడవ నడుపుకునేవాడు, దొంగతనం కేసులో 1806లో ఖైదీగా వచ్చాడు. శిక్ష తీరాక నది ఒడ్డున భూమి సంపాదించాడు, 1827లో పంటు పెట్టాడు, రోడ్డు ఖైదీలకు తిండి సరఫరా చేసే సర్కారు కంట్రాక్టు పట్టాడు. కంట్రాక్టర్ల సంగతి మనకు ఒకరు చెప్పాలా! ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు హోటలు.

ఇక రెండొందల ఏళ్ల లెక్క. 1819లో జాన్ హౌ విండ్సర్ నుంచి హంటర్ లోయకు దారి కనుక్కున్నాడని పుస్తకాల్లో ఉంటుంది. ముందు నడిచి ఆ దారి చూపించింది ఆదివాసులు. ఇది ధరుగ్, దార్కిన్‌యుంగ్ జనాల నేల. హాక్స్‌బరీకి వాళ్ల పేరు డ్యారబ్బిన్. ఈ అడవుల్లోని బండల మీద వాళ్లు చెక్కిన బొమ్మలున్నాయి, ఖైదీల ఉలి గాట్లు వాటి ముందు నిన్నటివి. నది ఒడ్డున పొలాలు కావలసివచ్చి వాళ్లను తుపాకులతో తరిమారు. రోడ్డుకు బోర్డులున్నాయి, గోడలకు వివరణలున్నాయి. ఆదివాసుల సంగతి మాత్రం ఎక్కువగా పార్కు పేరులోనే మిగిలింది.

మనకూ ఒక పోగు కలుస్తుంది. ఆ రోజుల్లో ఈ కాలనీలో కాపలా ఉన్న తెల్ల పటాలాల్లో 39వది, 57వది ఉన్నాయి. రెండూ ఇక్కణ్నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకే వెళ్లాయి. 39వ పటాలం 1834లో కొడగు రాజు మీద యుద్ధానికి దిగింది. ద్వీపాంతర శిక్ష కూడా రెండుచోట్లా ఒకటే: 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో కాలాపానీ ఖైదీల బస్తీ మొదలయ్యేనాటికి పశ్చిమ ఆస్ట్రేలియాకు ఖైదీల ఓడలు ఇంకా వస్తూనే ఉన్నాయి. మరో పదేళ్లు వచ్చాయి.