గురువు పేరు ఇంజను మీద

అర్జెంటీనా దక్షిణాన, పాటగోనియాలో గాలి ఒక్క క్షణం ఊరుకోదు. ఆండీస్ కొండల పక్కన రియో తుర్బియో గనిలో తవ్విన బొగ్గు అట్లాంటిక్ తీరంలోని రియో గజేగోస్ చేరాలంటే, ఆ గాలిలో 250 కిలోమీటర్లకు పైగా పోవాల్సి వచ్చేది. పట్టాల మధ్య ఎడం 75 సెంటీమీటర్లే. వెనక 1,700 టన్నుల దాకా బరువు. ముందు జపాన్‌లో మిత్సుబిషి వాళ్లు 1956లో చేసి పంపిన చిన్న ఆవిరి ఇంజను.

ఫైర్‌మన్ పార ఎత్తుతాడు. ఇంజను బరువు లాగేకొద్దీ నిప్పుల కిందినుంచి గాలి ఎగదన్నుతుంది. సగమే కాలిన బొగ్గు నలుసులు పొగగొట్టంలోంచి ఎగిరిపోతాయి. బూడిద కరిగి, గడ్డకట్టి, కింది చువ్వల సందులు మూసేస్తుంది. క్లింకర్ అంటారు దాన్ని. అది పట్టిందంటే ఆవిరి పడిపోతుంది, బండి దారిలో నిలిచిపోతుంది.

ఈ నిప్పును మార్చడానికి పూనుకున్న ఇంజనీరు లివియో దాంతె పోర్టా. 1922లో అర్జెంటీనాలోనే పుట్టారు. ముప్ఫై నిండకముందే రొసారియోలో ఓ పాత ఇంజనును తిరగకట్టి, ‘అర్జెంటీనా’ అనే నాలుగు సిలిండర్ల కాంపౌండ్ ఇంజనుగా, అంటే ఒకసారి వాడిన ఆవిరిని మళ్లీ వాడుకునే ఇంజనుగా, మార్చారు. ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే షాపెలాన్‌ను ఆయన గురువుగా భావించారు. ఆవిరి వెళ్లే ప్రతి గొట్టంలో ఎంత శక్తి వృథా అవుతోందో లెక్కగట్టి చూపినవాడు షాపెలాన్. ఆ లెక్కను పోర్టా నిప్పు దాకా తీసుకొచ్చారు.

ఆయన చేసింది ఇదీ. బొగ్గును మందంగా పరిచారు. కిందినుంచి వచ్చే గాలిని తగ్గించి, దానితోపాటు కాస్త ఆవిరిని పంపారు. మిగతా గాలిని నిప్పుల పైభాగాన, పక్క రంధ్రాల్లోంచి వదిలారు. బొగ్గు ముందు వాయువుగా మారి, ఆ తర్వాత పైన మండుతుంది. నలుసులు ఎగరడం తగ్గింది. ఆవిరి తగిలి కింద వేడి అదుపులో ఉంది కాబట్టి బూడిద గడ్డకట్టడమూ తగ్గింది. ప్రపంచమంతా డీజిల్ వైపు పరుగెత్తుతున్న రోజుల్లో ఒక మనిషి నిప్పు ముందు నిలబడి ఇంత ఆలోచించాడంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సముద్రానికి అవతల, దక్షిణాఫ్రికా రైల్వేలో, డేవిడ్ వార్డేల్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఆ సిద్ధాంతాలను పట్టుకున్నాడు. పోర్టాతో ఉత్తరాలు నడిచాయి. వార్డేల్ మొదట ఒక చిన్న ఇంజను మీద ప్రయోగం చేశాడు. తర్వాత 1953 నాటి 3450 నంబరు ఇంజనును కేప్‌టౌన్ దగ్గర సాల్ట్ రివర్ వర్క్‌షాపులో విప్పించాడు. 1981లో అది ఎర్రరంగుతో బయటికొచ్చింది. మార్చని ఇంజన్లతో పోలిస్తే బొగ్గు 28 శాతం, నీరు 30 శాతం ఆదా. జనం దాన్ని ‘రెడ్ డెవిల్’ అన్నారు. దానికి అధికారికంగా పెట్టిన పేరు మాత్రం ‘ఎల్.డి. పోర్టా’.

లోపాల్లేవని కాదు. అక్కడి బొగ్గుతో క్లింకర్ బెడద పూర్తిగా వదల్లేదు. 1998లో వచ్చిన తన పుస్తకంలో వార్డేల్ ఈ కష్టాలన్నీ దాచకుండా రాశాడు. గురువు మీద గౌరవం అంటే అదేనని నేను నమ్ముతాను. ఎల్.డి. పోర్టా అని పేరు రాసిన ఇంజను గురించి అబద్ధమాడకపోవడం.

దక్షిణాఫ్రికా రైల్వే మాత్రం ఆ ఒక్క ఇంజనుతోనే ఆగింది. పెద్దల మనసు అప్పటికే డీజిల్, కరెంటు మీద ఉంది.

2001లో, అర్జెంటీనా దక్షిణ కొసన ఉషువాయాలో, పర్యాటకుల కోసం నడిచే చిన్న రైలుమార్గంలో మరో శిష్యుడు షాన్ మెక్‌మాన్ గారట్ రకం ఇంజను ఒకదాన్ని తిరగకట్టాడు. దానికీ పోర్టా పేరే పెట్టారు, ఈసారి ఆయన సొంత దేశంలో, ఆయన బతికుండగానే. 2003 జూన్ 10న పోర్టా కన్నుమూశారు.