వంతెన ఎత్తు

రాజకీయాలంటే ఎన్నికలు, అసెంబ్లీ అనే మేం చదువుకున్నాం. అమెరికాలో 1973లో పొలిటికల్ సైన్స్‌లో డాక్టరేటు పొందిన లాంగ్డన్ విన్నర్ యంత్రాల్లో రాజకీయాలు వెతికాడు. వస్తువులకూ రాజకీయాలుంటాయా అని 1980లో ఓ వ్యాసంలో అడిగాడు. ఆయన చూపిన సాక్ష్యం న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో రాబర్ట్ మోజెస్ కట్టించిన పొట్టి వంతెనలు. వాటికింద బస్సు పట్టదు. కార్లు లేని నల్లవాళ్లనీ పేదల్నీ సముద్రతీరానికి రానివ్వకూడదనే అలా కట్టించాడని వాదన. ఆ రోడ్లమీద బస్సులకు ఎలాగూ అనుమతి లేదని 1999లో బెర్న్‌వార్డ్ యోర్గెస్ ఈ కథను కొట్టిపారేశాడు. సాక్ష్యం బీటలువారింది. ప్రశ్న మాత్రం నిలిచిందనే మేమంటాం. కుట్రే ఉండక్కర్లేదని విన్నరే రాశాడు: మెట్లు కట్టినవాడికి వికలాంగుల మీద పగ లేదు, వాళ్లు గుర్తుకే రాలేదు.

మా హైదరాబాదులో ఇప్పుడు వంతెన కాదు, కెమెరా. 2018లో తెలంగాణ పోలీసులు తమ మొబైల్ యాప్‌లో ముఖాల్ని పోల్చే ఏర్పాటు చేర్చారు. పహచాన్ అంటే మాకు మేం చెప్పుకునేదనుకున్నాం. ఈ ముఖాన్ని ఏ జాబితాతో పోలుస్తారు? తప్పు పోలిస్తే ఎవర్ని అడగాలి? 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీలో పోలీసులు మాస్కు తీయమన్నారని, తీయకపోయినా ఫోటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.