ముత్యానికి జల్లెడ, పాటకు చెవి

బహ్రెయిన్‌లో ముత్యాల వ్యాపారిని తవ్వాష్ అనేవారు. వేసవి వేట ముగిసి పడవలు ముహర్రఖ్ ఒడ్డుకు చేరాక అతని ముందుకు ఎర్రగుడ్డ మూట వచ్చేది. ఒకదానిలో ఒకటి ఇమిడే రాగి జల్లెళ్లలో ముత్యాలు పోసి ఆడిస్తే పెద్దవి పైన నిలిచేవి, చిన్నవి కిందికి జారేవి. ఆ తర్వాత తూకం. ధర కట్టడానికి బొంబాయి బజారులోనూ చెల్లే ‘చవ్’ లెక్క ఉండేది. ముత్యం బరువు రెట్టింపయితే దాని చవ్ నాలుగింతలయ్యేది. హైదరాబాదులో బస్రా ముత్యాలని మనం మురిసిపోయేవి ఈ గల్ఫ్ సముద్రంలో పుట్టినవే. ఇంత పక్కా కొలత ఉన్న ఊళ్లోనే పాటకూ గిరాకీ ఉండేది. పడవ మీద పాడటానికే ఒక మనిషిని పెట్టుకునేవారు. అతను నహ్హామ్. మంచి గొంతున్న నహ్హామ్ కోసం నాఖుదాలు, అంటే పడవ నడిపే సారథులు, పోటీపడేవారు. డబ్బు పెట్టి ఎంచుకున్నారంటే మంచి పాటకూ ఏదో గీటురాయి ఉండాలి. అదేమిటి?

తేలిక సమాధానం ఒకటుంది. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు, లంగరు లాగేటప్పుడు డజన్ల చేతులు ఒకే క్షణంలో కదలాలి. మన తీరంలో వల లాగేవాళ్ల హైలెస్సా చేసే పని కూడా అదే. పాట బాగుంటే తెడ్లన్నీ ఒకేసారి నీళ్లలో పడతాయి, లేకుంటే పడవే చెప్పేస్తుంది. అయితే అది పని కొలతే తప్ప కళ కొలత కాదని ఎవరైనా అడ్డుచెప్పవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. దానికి జవాబు ఒడ్డు మీద దొరుకుతుంది. వేట లేని నెలల్లో ఈ నావికులే ‘దార్’ అనే ఇళ్లలో రాత్రిళ్లు కూడేవారు. అక్కడ లాగడానికి తాడు లేదు, వేయడానికి తెడ్డు లేదు. అక్కడ పాడే, ‘ఫిజ్రీ’ అనే ఈ ముత్యాల వేట పాటల్లో బహ్రీ, అద్సానీ వంటి వేర్వేరు రకాలున్నాయి. చిన్న మిర్వాస్ డోలు, జహ్లా అనే మట్టికుండ, అల్లుకుపోయే చప్పట్లు తాళాన్ని పట్టి ఉంచుతాయి. నహ్హామ్ పై స్థాయిలో సాగుతుంటే జట్టంతా అతని గొంతుకు చాలా కింద, ఛాతీలోంచి వచ్చే ఒకే హోరు పడుతుంది. ఇంత అల్లికలో ఒక చప్పట్టు తప్పితే దాచడానికి చోటుండదు. పని పోయినా తప్పు తప్పుగానే వినిపించింది, ఒప్పు ఒప్పుగానే నిలిచింది.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అనేవాళ్లు ఇంకా గట్టిగా పట్టుబడతారు. అదంతా లోపలివాళ్ల అలవాటు, బయటివాడికి అది వట్టి గోల అంటారు. కానీ తవ్వాష్ సంగతి చూడండి. జల్లెడ పరిమాణం చెబుతుంది గానీ మెరుపు చెప్పదు. రంగూ నిగనిగా కంటితోనే తేల్చాలి, ఆ కన్ను ఏళ్ల తరబడి తయారవుతుంది. కొత్తవాడి కంటికి ఆనకపోయినంత మాత్రాన ముత్యంలో మెరుపు లేదని అనం కదా. ఇక బయటివాడి సంగతి. డెన్మార్క్ స్వరకర్త పౌల్ రోవ్సింగ్ ఓల్సెన్ 1958లో బహ్రెయిన్ వచ్చి ఈ పాటల్ని టేపుల కెక్కించాడు. ఆయన పోయాక 2002లో బహ్రెయిన్ సంగీతంపై ఆయన పుస్తకం వెలువడింది. యూరోపియన్ సంగీతంలో తయారైన చెవి కూడా శ్రమపడితే ఆ అల్లికను పట్టగలిగింది. పట్టడానికి ఏదో ఉండబట్టే అది సాధ్యమైంది.

అయితే ఈ వాదానికి ఒక హద్దు ఉందని నేను ఒప్పుకుంటాను. అదే ముహర్రఖ్‌లో పుట్టిన మహమ్మద్ బిన్ ఫారిస్ (1895–1947) ఊద్ వాద్యం పట్టుకుని ‘సౌత్’ అనే మరో రకం పాట పాడాడు. 1932లో బాగ్దాద్ వెళ్లి గ్రామఫోను రికార్డులిచ్చాడు. ఆయన సౌత్ గొప్పదా, నహ్హామ్ ఫిజ్రీ గొప్పదా అంటే నా దగ్గర తక్కెడ లేదు. త్యాగరాజ కృతి పక్కన ఒగ్గుకథను పెట్టి మార్కులు వేయమన్నట్టే ఉంటుంది. సౌత్‌లో మంచి సౌత్‌నీ ఫిజ్రీలో మంచి ఫిజ్రీనీ తేల్చవచ్చు. అంతకు మించి అడగడం అత్యాశ.

ఇక ధరనే విలువ అనుకునేవాళ్లకు చరిత్రే జవాబిచ్చింది. జపాన్ కల్చర్డ్ ముత్యాలు, 1929 నాటి ఆర్థిక మాంద్యం కలిసి గల్ఫ్ ముత్యం ధరను కూల్చాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది, మనుషులు పడవలు దిగి బావుల దగ్గరికి వెళ్లారు. ముత్యం మెరుపు తగ్గలేదు, కొనేవాడు తగ్గాడు. నహ్హామ్ పాటకూ అదే గతి పట్టింది. పాట చెడిపోలేదు, దాన్ని తూచే చెవులు చెదిరిపోయాయి. 2021లో యునెస్కో ఫిజ్రీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే, కానీ జాబితా ఫిజ్రీకి చోటిస్తుంది గానీ ఆ రాత్రి ఎవరు బాగా పాడారో చెప్పదు. అది చెప్పాల్సింది దార్‌లో కూర్చున్నవాళ్లే. బహ్రెయిన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు వీలు చూసుకుని ఒక సాయంత్రం ముహర్రఖ్‌లోని దార్ జినాకు వెళ్లండి. మొదట నహ్హామ్‌ను వదిలేసి చప్పట్లు వినండి, తర్వాత కింది హోరు. అతని గొంతు దగ్గరికి చివరగా రండి.