ఓలి, సారా, పట్టా: ఇంట్లో దెబ్బల వెనుక చరిత్ర

ఆదివాసీ ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువని బయటివాళ్లు పుస్తకాల్లో రాశారు. మనమూ సభల్లో అదే చెప్పుకుంటున్నాం. మరి సంత రోజు రాత్రి మన గూడేల్లో వినిపించే ఏడుపు ఎక్కడి నుంచి వచ్చింది? సారా వల్ల అంటారు కొందరు. మగాడి గుణమే అంత అంటారు మరికొందరు. ఈ రెండు జవాబులూ చాలవు.

ముందు ఓలి సంగతి చూద్దాం. మన కోయ, కొండరెడ్డి, గోండు కుటుంబాల్లో పెళ్లికొడుకు వైపువాళ్లే పిల్ల తల్లిదండ్రులకు ఓలి ఇచ్చేవారు. ఆమె కష్టానికి అది గుర్తింపు. కాపురం పొసగకపోతే పుట్టింటికి రావచ్చు, మారుమనువు చేసుకోవచ్చు. కానీ వదిలి వస్తే ఓలి తిరిగి కట్టాలి. కట్టలేని పుట్టిల్లు కూతుర్ని మళ్లీ ఆ గడపకే పంపింది. ఓలి ఇచ్చి తెచ్చుకున్నాననే మగాడు ఆమెను తన సొత్తనుకున్నాడు. దెబ్బకు విత్తనం మన ఆచారంలోనూ ఉంది. అంతా బయటి నుంచే వచ్చిందని తప్పించుకోలేం.

ఆ విత్తనానికి నీళ్లు పోసింది తర్వాతి చరిత్ర. కల్లు, ఇప్పసారా మన పండగలకు మనం తీసుకున్నవే. బ్రిటిష్ ప్రభుత్వం ఆబ్కారీ చట్టాలతో వాటిని ఆదాయంగా మార్చింది. 1879లో రంప కొండలు తిరగబడటానికి కల్లు మీద పన్ను ఒక ముఖ్య కారణం. ఆ తర్వాత సారా కాంట్రాక్టర్ల చేతికి పోయింది, కూలి డబ్బు దుకాణానికి పోయింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను, 1995లో మద్యం మొత్తాన్ని నిషేధించారు. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తేశారు.

అయినా సారాయే వేరు కాదు. తాగినవాడు అటవీ గార్డును కొట్టడు, షావుకారును కొట్టడు. వాళ్ల దగ్గర పడిన అవమానాన్ని ఇంటికి తెచ్చి పెళ్లాం మీద తీర్చుకుంటాడు. ఎవరిని కొడితే అడిగేవాళ్లు లేరో తాగినా అతనికి తెలుసు.

అడిగేవాళ్లు లేకపోవడానికి భూమి ఒక కారణం. పోడులో విత్తిందీ కలుపు తీసిందీ ఆమె. పట్టాలు వచ్చేసరికి ఎక్కువగా మగవాళ్ల పేరునే వచ్చాయి. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కాబట్టి కూతురి వాటాను ఆచారానికే వదిలేశారు. ఇప్పుడు ఉద్యోగాలొచ్చిన మన కుర్రాళ్ల ఇళ్లలో ఓలి పోయి కట్నం వస్తోంది. అప్పుడు ఓలి కట్టలేక, ఇప్పుడు కట్నం పోతుందని, ఆమెనే సర్దుకోమంటున్నాం.

చేతిలో ఉన్న దారులు కొన్ని ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి ఇచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఉపాధ్యాయులు ఈ రెండూ తరగతిలో చెప్పాలి. కులపంచాయతీలో ఆడవాళ్లు కూర్చోవాలి. వదిలి వచ్చిన కూతురి దగ్గర ఓలి అడగకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజే మీ ఇంటి పట్టా తీసి చూడండి. అందులో అమ్మ పేరు ఉందా?